ఎర్రమెట్ట తొలిబిడ్డ పాల కబుర్లు

నమోదు 1

గోడలకి చెవులుంటాయని మా అమ్మమ్మ అంటుంటే నవ్వేదాన్ని. ఈ గదిలో గోడకి నిజంగానే ఉన్నాయి. నేను పలికిందంతా రాసుకుని భూమికి పంపిస్తుందట. అంగారకుడి మీద పుట్టిన మొదటి బిడ్డ ఏం తాగింది, ఏం తింది, ఎలా పెరిగింది అన్నది అక్కడివాళ్ళకి తల్లి నోటితోనే వినాలనుందట. రాయమంటే బద్ధకించేదాన్ని. మాట్లాడమంటే నన్ను ఆపేదెవరు?

నా పేరు వకుళ. అంగారకుడి మీది మా ఊరు ఎర్రమెట్టలో బండి నడుపుతాను. బయట దుమ్ములోకి వెళ్ళి మంచుగడ్డలు తవ్వుకొచ్చే ఆరు చక్రాల బండి. ప్రస్తుతం సెలవులో ఉన్నాను. ప్రస్తుతం నేనే ఒక పాలకేంద్రాన్ని.

మా మంకెనకి నాలుగో నెల. పుట్టినప్పుడు మంకెన పువ్వులా ఎర్రగా ఉందని ఆ పేరు పెట్టాం. దాని తిండి గురించి చెప్పాలంటే నా పాలు, అంతే. రోజూ ఒక చుక్క డి విటమిన్ నాలుక మీద వేస్తాం, ఇక్కడ ఒంటికి ఎండ తగలదు కదా. ఇంకేమీ పెట్టొద్దని, గుక్కెడు నీళ్ళు కూడా పట్టొద్దని రుక్సానా అక్క ఆర్డరు. ఈ ఊరికున్న ఒకే ఒక్క డాక్టరు ఆమె. గుంటూరు మనిషి. మాట మిరపకాయ, చెయ్యి వెన్న.

అన్నిటికంటే ముఖ్యమైంది చెప్పలేదు. మంకెన నవ్వుతోంది! ఎవరు ఒంగి చూసినా నోరంతా తెరిచి, చిగుళ్ళన్నీ చూపిస్తూ నవ్వుతుంది. పొద్దున్నే మా గుమ్మం ముందు జనం. డ్యూటీకి వెళ్ళేముందు ఒక నవ్వు పట్టుకెళ్ళాలట. మా ఊరి వ్యవహారాలు చూసే తాతారావు బాబాయి, ఎవరికీ తలొంచని మనిషి, నిన్న పాప ముందు నాలుక బయటపెట్టి వెక్కిరించాడు. ఇది కూడా రాసుకో గోడా!

నమోదు 5

ఇవాళ తిండి కబుర్లు, కానీ నావి. పాలిచ్చే తల్లి ఏం తింటోందో చెప్పమని భూమి నుంచి అడిగారు.

నాచు. పొద్దున నాచు దోసె, మధ్యాహ్నం నాచు పప్పు, సాయంత్రం నాచు వడియాలు. పోపు పెడితే ఏదైనా దిగుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ నాచు తొట్టెలన్నీ చూసుకునేది మా ఆయన. పేరు పృథ్వి. అంగారకుడి మీద కాపురం, మొగుడి పేరు పృథ్వి! భూమిని వదిలేసి వచ్చానని ఎవరూ నన్ననలేరు.

"నీ పాలు కూడా నా తొట్టెల్లోంచి వచ్చినవే" అంటాడు గర్వంగా. నిజమే కాబట్టి ఊరుకుంటాను. ఆ నాచులో మనిషికి కావలసిన విటమిన్లన్నీ ఉన్నాయని మీటరు చూపిస్తుంది. అందుకే భూమి నుంచి మాత్రలు తెప్పించడం ఎప్పుడో మానేశారు. ఓడలో ఆ బరువుకి బదులు విత్తనాలు వస్తున్నాయి. ఈసారి మెంతులు వచ్చాయి! పాలిచ్చే తల్లినని మొదటి పిడికెడు నాకే ఇచ్చారు. మెంతికూర వాసనకి నేను ఏడ్చినంత పని చేశాను.

నమోదు 13

మంకెనకి ఆరో నెల వస్తోంది. కొంచెం బద్ధకంగా ఉంటోంది. ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో!" అంటున్నారు అందరూ. నేను కూడా అలాగే అనుకున్నాను.

కానీ ఇవాళ తాతారావు బాబాయి వచ్చి నాలుక బయటపెట్టాడు. మంకెన ఆయన మొహంకేసి చూసింది. ఆయన వెనకున్న గోడని ఎలా చూస్తుందో అలా చూసింది. నవ్వలేదు. ఆయన ఇంకోసారి వెక్కిరించాడు. చెవులు కూడా కదిపాడు. నవ్వలేదు.

"నిద్రొస్తోందేమోనమ్మా" అని వెళ్ళిపోయాడు. ఇప్పుడే నిద్రలేచింది బాబాయీ అని అనలేకపోయాను.

నమోదు 17

మెడ నిలబెట్టడం లేదు. పోయిన నెల చక్కగా నిలబెట్టేది, ఇప్పుడు నా భుజం మీద తల వాల్చేస్తోంది. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో మానేస్తుంది, ఆకలి తీరి కాదు, అలిసిపోయి.

సాయంత్రం తాతారావు బాబాయి మళ్ళీ వచ్చాడు, ఈసారి గిన్నెతో. "తొట్టిపాలమ్మా. వంటశాలలో నాచుతో చేశారు, పాప కోసమే. తల్లిపాలు చాలనప్పుడు ఇవ్వడంలో తప్పేముంది? నీ మంచికే చెప్తున్నాను."

మంచికే చెప్పాడు, నాకు తెలుసు. కానీ ఆ మాట గుండెల్లో దిగింది. నా పాలు చాలడం లేదా? పాలతో రొమ్ములు బరువెక్కి ఉన్నాయి, రవికె తడుస్తోంది, చాలకపోవడమేంటి?

పృథ్వి గిన్నె అందుకుని నాకేసి చూశాడు. "ఒక్కసారి పట్టి చూద్దామా వకుళా?"

"అక్కని అడక్కుండా ఒక్క చుక్క కూడా వద్దు" అన్నాను. గిన్నె అలాగే ఉంది. పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్తాం.

నమోదు 18

గోడా, జాగ్రత్తగా రాసుకో. చాలా జరిగింది!

రుక్సానా అక్క ముందు తూకం చూసింది. కాస్త తగ్గింది గాని మరీ తక్కువేం కాదు. "పాలు చాలుతున్నాయి" అంది. ఆ ఒక్క మాటకే నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత పాప గుప్పిట విప్పబోయి ఆగిపోయింది.

"ఈ వేళ్ళ కణుపులు ఎప్పుడు నల్లబడ్డాయి?"

చూస్తే నిజమే. వేళ్ళ మీద మసి రాసినట్టుంది. అక్క పాపని వదిలి నా చెయ్యి పట్టుకుంది. నా కణుపులు కూడా నలుపే!

"నాలుక చూపించు. కారం తగిలితే మండుతోందా?"

"కొన్నాళ్ళుగా."

"పాదాలు తిమ్మిరెక్కుతున్నాయా?"

"బూట్లు బిగుతని..."

"బూట్లు కాదు" అంది అక్క. పక్కకి తిరిగింది. "పృథ్వీ, నీ నాచులో బి ట్వెల్వ్ విటమిన్ ఎంతుంది?"

"దండిగా!" అన్నాడు పృథ్వి. "ప్రతి వారం కొలుస్తాను. మీటరు నిండా చూపిస్తుంది."

"బి ట్వెల్వ్‌కీ దానిలాగే ఉండే ఇంకొకదానికీ తేడా మీటరుకి తెలియదేమో. నాచులో ఎక్కువగా ఉండేది దాని కవలలాంటిది. మారుతాళంచెవి అనుకో. తాళంలో దూరుతుంది, కానీ తిరగదు. తలుపు తెరుచుకోదు."

పృథ్వి మొహం పాలిపోయింది. అక్క మాత్రం మాట ఆపలేదు. నేను ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. భూమ్మీద తిన్న పెరుగూ, చేపలూ, గుడ్లూ నా కాలేయంలో వదిలిన నిల్వతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చానట. కడుపుతో ఉన్నప్పుడు ఆ అడుగూబొడుగూ కూడా అయిపోయింది. నా పాలల్లో అన్నీ ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప. అది లేకపోతే పసిబిడ్డ నరాలు ఎదగవు. ఎదిగినవి కూడా వెనక్కి వెళ్తాయి.

"ఊహే కదా అక్కా?" అన్నాడు పృథ్వి. అడిగినట్టు లేదు, బతిమాలినట్టుంది.

"ఊహే. అందుకే ఆ తడిగుడ్డ ఇటివ్వు."

మంకెన తడిపిన గుడ్డ పిండి, మిషన్లో పెట్టింది. ఒంట్లో బి ట్వెల్వ్ ఉంటే కరిగిపోవలసిన ఆమ్లం ఒకటుందట. అది పాప మూత్రంలో పొంగిపొర్లుతోంది! నాది కూడా పరీక్ష చేసింది, అదీ అలాగే ఉంది. పృథ్విది కూడా ఎక్కువే.

"తొట్టిపాలు పట్టి ఉంటే?" అన్నాను.

"అదీ ఆ నాచే. ఉన్న మంచి పాలు పోయేవి, రోగం అలాగే ఉండేది." అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "నీ పాలు చెడ్డవి కావు వకుళా. నీ ఒంట్లో ఒకటి లేదు, అది నీకూ పెట్టాలి, దానికీ పెట్టాలి. పాలు మాత్రం ఆపకు."

నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. రోగానికి పేరు దొరికింది! పేరున్న రోగానికి మందుంటుంది!

మందు మా ఊళ్ళో లేదు. ఉన్నచోటు తెలుసు. కంచుగుట్ట గని.

నమోదు 19

కంచుగుట్ట మాకు ఉత్తరాన ఉన్న గని ఊరు. అన్ని దేశాలవాళ్ళూ ఉంటారు. అక్కడి నర్సు ఒయున మంగోలియా అమ్మాయి, మా దగ్గర రేడియోలో తెలుగు నేర్చుకుంటూ ఉంటుంది. అక్క అడగ్గానే "ఉంది! ఇంజెక్షన్ ఉంది! చాలా ఉంది!" అని అరిచింది.

ఇక్కడ అందరం ఎగిరి గంతేశాం. వెంటనే ఒయునే అంది, "కానీ దుమ్ము వస్తోంది."

తాతారావు బాబాయి ఆకాశం బొమ్మ తెప్పించి చూశాడు. పడమట నుంచి తుఫాను. ఒకసారి కమ్మితే వారాల తరబడి దారి మూసుకుపోతుంది. వారాల తరబడి మంకెన ఆగలేదు.

"వాళ్ళు సగం దూరం రావాలి, మనం సగం పోవాలి" అన్నాడు బాబాయి. "ఎవరు నడుపుతారు?"

ఎవరు నడుపుతారా? ఆ దారిలో రాయి రాయికీ నేను పేరు పెట్టాను! "నేనే" అన్నాను. "నా పాప కూడా వస్తుంది. దానికి నా పాలు కావాలి, నాకు ఆ దారి తెలుసు. అక్క సూది వేస్తుంది. ఇంకేం మాట్లాడక్కర్లేదు."

"నీ కాళ్ళు?" అన్నాడు పృథ్వి మెల్లగా.

అప్పుడు గుర్తొచ్చింది. తిమ్మిరెక్కిన కాళ్ళతో బ్రేకు ఎక్కడుందో తెలిసేదెలా?

పృథ్వి బండి కిందికి దూరి, కాలి బ్రేకునీ వేగాన్నీ చేతి పిడికి కలిపాడు. బోల్టులన్నీ రెండేసిసార్లు బిగించాడు. బయటికొచ్చి మంకెన తల ముద్దు పెట్టుకుని, "నా మీటరుని నమ్మాను. ఇప్పుడు నిన్ను నమ్ముతున్నాను" అన్నాడు. వెళ్ళకముందే ఏడిపించాడు మనిషి.

నమోదు 20

ఇది బండిలోంచి. ఈ గోడ కూడా వింటుంది!

బయట గులాబీరంగు పోయి ఇటుకపొడి రంగు వచ్చింది. వెనక సీట్లో అక్క, ఆమె ఒడిలో మంకెన. చేత్తో నడపడం అలవాటు లేదు గాని బండి నా మాట వింటోంది. వెళ్ళవే తల్లీ, వెళ్ళు!

పాలకి ఆగాం. ఆగితే బ్యాటరీ తగ్గుతుందని తెలుసు. ఆకలికి అది గట్టిగా ఏడ్చి ఉంటే ఇంకా ఆనందించేదాన్ని. పిల్లికూన మూలిగినట్టు మూలిగింది, అంతే. ఒళ్ళో వేసుకున్నాను. నాలుగు గుక్కలు తాగింది, ఆగింది. బుగ్గ మీద మెల్లగా నిమిరాను. మళ్ళీ నాలుగు గుక్కలు. తాగు నాన్నా. ఇంకొక్క గుక్క.

మళ్ళీ బయల్దేరాం. అద్దంలోంచి ముందున్న చక్రాలు కూడా కనబడడం లేదు. రేడియో గరగరలాడుతోంది. అక్క గట్టిగా దువా చదువుతోంది, నేను హనుమంతుడికి మొక్కుతున్నాను. ఇద్దరిలో ఎవరి మాట ముందు చేరినా సరే!

లైటు! కుడివైపు పసుపు లైటు! రెండు! కంచుగుట్ట బండి!

నమోదు 21

సూది పడింది! సూది పడింది గోడా!

రెండు బండ్ల తలుపులూ ఒకదానికొకటి తగిలించి, ఒయున మా బండిలోకి దూకింది. గుండ్రటి మొహం, జుట్టంతా దుమ్ము. "ఎక్కడ చిన్న?" అంది. చేతిలో పెట్టె. పెట్టెలో ఎర్రటి మందు సీసాలు. ఎరుపంటే ఎరుపు కాదు, దానిమ్మ గింజల రసం!

అక్క మంకెన తొడ తుడిచి వేసింది. చిన్నగా "ఇఁ" అంది, అంతే. తర్వాత నాకు. నేను మాత్రం గట్టిగా అరిచాను, మా ఇద్దరి తరఫునా.

"ఇప్పుడు పాలివ్వచ్చా?"

"ఇవ్వాలి" అంది అక్క. "ఇవాళ్టి నుంచి నీ ఒంట్లోకి వెళ్ళింది పాలల్లోకీ దిగుతుంది."

వెళ్ళబోతూ ఒయున ఒక డబ్బా నా ఒళ్ళో పెట్టింది. దూదిలో చుట్టిన చిన్న గుడ్లు, మచ్చలమచ్చలుగా. గనిలో కంజుపిట్టల్ని పెంచుతున్నారట! ఆరేళ్ళ తర్వాత గుడ్డు చూశాను. దాన్ని చెంపకి ఆనించుకున్నాను. ఒయున నన్ను చూసి నవ్వి, "తినాలి, చెంప కాదు" అంది.

తుఫాను మా వెనకే వచ్చింది. మేము ఎర్రమెట్ట తలుపులోకి దూరేసరికి పృథ్వి బయటికి వెళ్ళే సూటులోనే నిలబడి ఉన్నాడు.

నమోదు 23

మంకెన దీపాన్ని చూసింది. చూసి, దీపం కదిపితే కళ్ళు కూడా కదిపింది! అంతేనా? పొద్దున పాలకి ఏడ్చింది. మూలుగు కాదు, ఏడుపు! మూడు గదుల అవతలికి వినబడింది. అంత తియ్యటి గోల నా జన్మలో వినలేదు.

రోజూ సూది. నాకూ, దానికీ. వంటశాలలో పనిచేసే హైమకి నాలుగో నెల కడుపు, ఆమెకి కూడా మొదలుపెట్టారు. ఊరందరికీ పరీక్షలు జరుగుతున్నాయి. పృథ్వి తన మీటరు విప్పి బల్ల మీద ముక్కలుముక్కలుగా పరిచాడు. అసలు తాళంచెవిని గుర్తుపట్టేలా చేసేదాకా నిద్రపోడట.

నమోదు 25

వణుకుతోంది.

పొద్దున పెదవి వణికింది. మధ్యాహ్నానికి చేతులు, నాలుక. పాలు పట్టుకోలేకపోతోంది. సంతోషం ఎక్కువైందని దిష్టి తగిలిందా?

అందరూ వచ్చారు. "సూదులు మొదలుపెట్టాకే కదా ఇది" అన్నాడు తాతారావు బాబాయి. "ఆపేద్దాం డాక్టరమ్మా. తుఫాను తగ్గాక ఆలోచిద్దాం."

పృథ్వి కూడా అన్నాడు, "అక్కా, ఆపేద్దాం."

అక్క గుడ్డలో మంకెనని చుట్టి, రక్తం తీసి, మిషన్ కేసి చూస్తూ చెప్పింది. "ముడుచుకుని కూర్చున్న కాలు లేచేటప్పుడు ఎలా జివ్వుమంటుంది? దీని నరాలు ఒక్కసారిగా మేలుకుంటున్నాయి. కొందరు పిల్లల్లో ఇలా వణుకొచ్చి తగ్గుతుందని చదివాను. రక్తంలో లవణాలు పడిపోతేనే ప్రమాదం, అవి ఇప్పుడు బాగున్నాయి. మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉంటాను."

"నీకు భయంగా లేదా?" అన్నాను.

"ఉంది. చాలా ఉంది" అంది అక్క, నా కళ్ళలోకి చూస్తూ. "అయినా ఆపను. ఆపితే మళ్ళీ మొదటికే. కానీ తల్లివి నువ్వు. చెప్పు."

మంకెన నా చేతుల్లో సన్నగా, తీగలా కంపిస్తోంది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. గోడని చూసినట్టు కాదు. నన్ను!

"వెయ్యండి" అన్నాను.

రొమ్ము పట్టుకోలేకపోతోంది కాబట్టి పాలు పిండి, నీళ్ళలో మరిగించి చల్లార్చిన చెంచాతో చుక్కచుక్కగా పోస్తున్నాం. పృథ్వి గిన్నె పట్టుకుంటే నేను పోస్తాను. మాట్లాడే ఓపిక లేదు గోడా. ఇవాళ్టికి ఇంతే.

నమోదు 28

వణుకు తగ్గుతోంది! నిన్న నాలుక ఆగింది. ఇవాళ చేతులు. రొమ్ము మళ్ళీ పట్టుకుంది, పట్టుకోవడం కాదు, దోచుకుంటోంది!

తాతారావు బాబాయి తలుపు దగ్గర నిలబడి లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. నేనే పిలిచాను. ఒంగి, మాట్లాడకుండా నాలుక కొంచెం బయటపెట్టాడు. మంకెన చాలాసేపు ఆలోచించింది. ఆలోచించి, ఒక వైపు పెదవి ఎత్తింది. తర్వాత రెండోది.

బాబాయి నేల మీద కూలబడి భోరుమన్నాడు. మంకెన అది కూడా తమాషాయే అనుకుని ఇంకా నవ్వింది!

నమోదు 36

తుఫాను వెళ్ళిపోయింది. సూదులు వారానికొకసారి అయ్యాయి. నా పాదాలకి నేల చల్లగా ఉందని తెలిసింది. చెప్పులు విప్పేసి ఊరంతా తిరిగాను. పిచ్చిదాన్నన్నారు. అననీ!

మంకెన దిండు ఆనుకుని కూర్చుంటోంది. ఆరో నెల దాటింది కాబట్టి పాలతోపాటు గుజ్జు తిండి పెట్టమంది అక్క. ఒయున ఇచ్చిన కంజుగుడ్డు బాగా ఉడకబెట్టి, పచ్చసొన నా పాలతో మెదిపి వేలితో నాకించాను. మొహం చిట్లించింది. ఆలోచించింది. నోరు తెరిచింది! కంచుగుట్టవాళ్ళు ఒక జత పిట్టల్ని పంపిస్తామన్నారు. పంజరం పనిలో ఊరంతా తలమునకలైంది.

భూమికి అక్క పంపిన చీటీ నాతో చదివించింది. "నాచు తినే ప్రతి ఊళ్ళో, కడుపుతో ఉన్న ప్రతి మనిషికీ, పాలిచ్చే ప్రతి తల్లికీ అసలు బి ట్వెల్వ్ వేరుగా ఇవ్వండి. బిడ్డ డల్‌గా ఉంటే పాలని నిందించకండి, తల్లిని పరీక్ష చెయ్యండి." మాట మిరపకాయే, చెప్పానుగా.

నమోదు 41

అబ్బా!

గోడా, రాసుకో, రాసుకో! ఇప్పుడే, పాలు తాగుతూ తాగుతూ, నన్ను కొరికింది! మామూలుగా కాదు, కెవ్వుమన్నాను. నాచుతొట్టెల దగ్గర్నించి పృథ్వి పరిగెత్తుకొచ్చాడు, గ్లౌజుల్నిండా పచ్చటి నురగతో. అక్క చేతిలో స్టెతస్కోపుతో వచ్చింది. బాబాయి వెనకాలే.

"ఏమైంది? మళ్ళీ వణుకా?"

నవ్వొస్తోంది, కళ్ళనీళ్ళొస్తున్నాయి, మండుతోంది. మంకెన కింది పెదవి వేలితో కిందికి లాగి చూపించాను.

బియ్యపు గింజంత. తెల్లగా, పదునుగా.

అక్క వంగి చూసింది, పృథ్వి చూశాడు. అంతలో మంకెన అందరి మొహాలూ ఒకసారి కలయజూసి, నా చీర కుచ్చెళ్ళు గుప్పిట్లో పట్టుకుని, మళ్ళీ పాలకోసం మీదికి ఎగబాకింది.